కుక్కకి క్రియాటినిన్‌తో పాటు కాల్షియం కూడా పెరిగితే: కిడ్నీ జబ్బు వెనక ట్యూమర్‌ని ఎందుకు వెతకాలి, ఎక్కడ వెతకాలి

కిడ్నీలతో పాటు ట్యూమర్ కోసం కూడా వెతకాలని మీ డాక్టరుగారు చెప్పింది సరైన మాటే. బిల్లు పెంచడానికి చెప్పింది కాదు.

మీరు రాసింది ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. తొమ్మిదేళ్ల ఆడ ల్యాబ్రడార్, ముప్ఫై కిలోల బరువు. నెల రోజులుగా గిన్నెల కొద్దీ నీళ్లు తాగుతోంది, రాత్రిళ్లు ఇంట్లోనే మూత్రం పోసేస్తోంది, వారం నుంచి తిండి తగ్గి వాంతులు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 3.4, కాల్షియం 14.8, ఫాస్ఫరస్ 3.1. మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే చిక్కదనం, 1.008. మీ ప్రశ్నలు రెండు. కిడ్నీలు దెబ్బతింటే కిడ్నీలకి వైద్యం చెయ్యాలి గానీ ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్, మలద్వారంలో వేలు పెట్టి చూడటం ఎందుకు? ఈలోగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మొదలుపెడితే తిండి తింటుందని తెలిసినవాళ్లు అంటున్నారు, పెట్టొచ్చా?

రెండోదానికి ముందు జవాబు చెప్తాను: ఇప్పుడే పెట్టకండి. ఒక్క మాత్ర కూడా వద్దు. ఎందుకో కాస్త ఆగి చెప్తాను, ఎందుకంటే అది మొదటి ప్రశ్నలోనే ఉంది.

మీ రిపోర్టులో అందరి కళ్లూ క్రియాటినిన్ మీదే పడ్డాయి. నా కన్ను మాత్రం కాల్షియం, ఫాస్ఫరస్ మీద పడింది. పెద్ద కుక్కల్లో కాల్షియం సుమారు 9 నుంచి 11.5 మధ్య ఉండాలి. మామూలు కిడ్నీ జబ్బు ముదిరి క్రియాటినిన్ 3 దాటినప్పుడు ఫాస్ఫరస్ పెరుగుతుంది, ఎందుకంటే దాన్ని బయటికి పంపాల్సింది కిడ్నీలే. మీ కుక్కకి అది పెరగలేదు, పైగా కింది అంచుకి దగ్గరగా ఉంది. కాల్షియం పైకి, ఫాస్ఫరస్ కిందికి: ఈ జంట కనిపిస్తే కిడ్నీ జబ్బు కాల్షియాన్ని పెంచిందా, కాల్షియమే కిడ్నీలని కొట్టిందా అని ఆగి ఆలోచించాలి. పాత కిడ్నీ జబ్బులో మొత్తం కాల్షియం కొద్దిగా పెరగొచ్చు గానీ 14 దాటడం చాలా అరుదు. మీ విషయంలో రెండోదే ఎక్కువ నమ్మకంగా ఉంది. కుక్కల్లో కాల్షియం ఇంతగా పెరగడానికి అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం క్యాన్సర్.

ఇది ఎలా జరుగుతుందంటే, మెడలో థైరాయిడ్ పక్కన ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఒక హార్మోన్ తయారు చేస్తాయి. రక్తంలో కాల్షియం తగ్గితే ఎముకల నుంచి కొంత తీసి రక్తంలో కలపమనీ, మూత్రంలోకి పోనివ్వొద్దనీ, దాని బదులు ఫాస్ఫరస్‌ని వదిలెయ్యమనీ చెప్పేది అదే. కొన్ని ట్యూమర్లు అచ్చం ఇలాగే పనిచేసే ప్రోటీన్‌ని విడుదల చేస్తాయి. దాన్ని పీటీహెచ్‌ఆర్‌పీ అంటారు. 1987లో మనుషుల ట్యూమర్ల నుంచి దీన్ని వేరుచేశారు, ఆ తర్వాత కుక్కల్లో కూడా ఇదే కథ అని తేలింది. అసలు హార్మోన్ అయితే కాల్షియం సరిపోగానే ఆగిపోతుంది. ట్యూమర్ విడుదల చేసేది ఆగదు. ఎవరూ కట్టని కుళాయిలా పోతూనే ఉంటుంది.

అలా పెరిగిన కాల్షియం కిడ్నీ మీద మూడు రకాలుగా పడుతుంది. మొదట, నీళ్లు వెనక్కి పీల్చుకోమని మెదడు పంపే సంకేతాన్ని కిడ్నీ వినకుండా చేస్తుంది. అందుకే మూత్రం నీళ్లలా పలచగా పోతుంది, పోయిన నీళ్ల కోసం కుక్క తాగుతుంది. ఇక్కడో మెలిక ఉంది. క్రియాటినిన్ ఎక్కువగా ఉండి మూత్రం పలచగా ఉంటే పుస్తకం ప్రకారం అది కిడ్నీ ఫెయిల్యూర్. కాల్షియం ఎక్కువున్న కుక్కలో ఆ లెక్క పూర్తిగా నిలవదు, కిడ్నీ ఇంకా చాలావరకు బాగానే ఉండి కూడా మూత్రం పలచగానే ఉండొచ్చు. రెండోది, కిడ్నీలోకి రక్తం వచ్చే సన్నని నాళాలు బిగుసుకుని వడపోత తగ్గుతుంది. వాంతుల వల్ల ఒంట్లో నీరు తగ్గి ఉంటే ఇది ఇంకా ఎక్కువవుతుంది. ఈ రెండూ సరిచేస్తే వెనక్కి వచ్చేవే. మూడోది అలా కాదు: కాల్షియం కిడ్నీ కణజాలంలో పేరుకుని గట్టిపడటం, నాళికల్లో కణాలు చచ్చిపోవడం. ఇక్కడిదాకా వస్తే ట్యూమర్ తీసేసినా కిడ్నీ పూర్తిగా కోలుకోదు. కాల్షియాన్నీ ఫాస్ఫరస్‌నీ గుణిస్తే 70 దాటినప్పుడు ఈ పేరుకోవడం ఎక్కువ. మీ లెక్క 14.8ని 3.1తో గుణిస్తే 46 దగ్గర ఉంది. అంటే ఇంకా సమయం ఉంది. కానీ వారాలు కాదు, రోజులు.

ఇప్పుడు ప్రెడ్నిసొలోన్ సంగతి. కుక్కల్లో కాల్షియం పెంచే ట్యూమర్లలో మొదటిది లింఫోమా, అంటే తెల్ల రక్తకణాల క్యాన్సర్, ముఖ్యంగా ఛాతీలో గుండెకి ముందు భాగంలో పెరిగే టీ-సెల్ రకం. లింఫోమా కణాలు స్టెరాయిడ్‌కి కరిగిపోతాయి. మాత్ర మొదలుపెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే కుక్క లేచి తింటుంది, కాల్షియం దిగుతుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడు సూదితో తీసి చూస్తే ఏమీ దొరక్కపోవచ్చు. కొన్ని వారాలకి అది మళ్లీ పైకొస్తుంది. ఆపాటికి మందులకి లొంగని మొండితనం కూడా తెచ్చుకుని వస్తుంది, తర్వాత ఇచ్చే కీమోథెరపీ అంతగా పనిచెయ్యదు. రోగం పేరు తెలియకముందు స్టెరాయిడ్ ఇవ్వడం అంటే సాక్ష్యాన్ని మనమే చెరిపెయ్యడం. తిండి తినడం లేదని బెంగగా ఉంటే వాంతులు ఆపే మందు, సెలైన్ చాలు, ఈ రెండు మూడు రోజులు గడుస్తాయి.

ఇక వేలు పెట్టి చూడటం. ఇబ్బందిగా అనిపిస్తుందని తెలుసు, నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా మొహం తిప్పుకుంటారు. కానీ ఈ కేసులో అన్నిటికన్నా చవకైన, అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే. కుక్క మలద్వారానికి రెండు వైపులా, గడియారంలో నాలుగు, ఎనిమిది అంకెలుండే చోట, రెండు చిన్న సంచులుంటాయి. వాటి గోడలోని గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్ ఉన్న కుక్కల్లో పాతిక నుంచి యాభై శాతం దాకా కాల్షియం పెరుగుతుంది. చిత్రం ఏమిటంటే గడ్డ బఠాణీ గింజంత ఉన్నా ఇంత పని చేస్తుంది. బయటికి వాపు కనిపించదు, కుక్క నేల మీద ఈడ్చుకోదు, ఇంట్లోవాళ్లకి అనుమానమే రాదు. పొట్ట స్కానింగ్‌లో కూడా అది కనిపించదు, అక్కడ కనిపించేది అది పాకిన నడుము కింది లింఫ్ గ్రంథులే. వేలికి మాత్రం తగులుతుంది. మీ డాక్టరుగారు చూస్తానన్నారంటే జాగ్రత్తపరుడని అర్థం. చూసి ఏమీ లేదన్నా, రెండు వైపులా చూశారా అని మర్యాదగానే అడగండి.

దాంతో పాటు దవడ కింద, భుజాల ముందు, మోకాళ్ల వెనక లింఫ్ గ్రంథుల్ని తడిమి చూడాలి, ఏది పెద్దదిగా ఉన్నా సన్నని సూదితో తీసి స్లైడ్ చెయ్యాలి. తర్వాత ఛాతీ ఎక్స్‌రే, పొట్ట అల్ట్రాసౌండ్. ఎముకల్లో నొప్పి, కుంటడం ఉంటే ఎముకల ఎక్స్‌రే, రక్తంలో గ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ చూడాలి, ఎందుకంటే ఎముక మజ్జలో వచ్చే మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్ కూడా కాల్షియం పెంచుతుంది, కిడ్నీని ప్రోటీన్‌తో మూసేస్తుంది.

మైలోమా మాట వచ్చింది కాబట్టి మన ప్రాంతానికి పనికొచ్చే సంగతి ఒకటి. ఇక్కడ పిడుదుల జ్వరం, అంటే ఎర్లీకియా, ఎంత ఎక్కువో కుక్కలు పెంచేవాళ్లందరికీ తెలుసు. పాతబడిన ఎర్లీకియా గ్లోబ్యులిన్‌ని బాగా పెంచుతుంది, ఒక్కోసారి ప్రోటీన్ గ్రాఫులో మైలోమాకి వచ్చినట్టే ఒక్కటే నిటారు శిఖరం వస్తుంది. మూత్రంలో ప్రోటీన్ కూడా పోతుంది. కాబట్టి గ్లోబ్యులిన్ ఎక్కువ, మూత్రంలో ప్రోటీన్ ఉందని చూసి క్యాన్సర్ అనేసుకోకండి, ముందు ఎర్లీకియా పరీక్ష చేయించండి. అయితే ఎర్లీకియాలో కాల్షియం 14.8కి ఎగబాకడం జరిగేది కాదు, కనుక మీ విషయంలో అది అసలు జవాబు కాకపోవచ్చు. వానాకాలంలో హఠాత్తుగా కిడ్నీ దెబ్బతింటే లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బుని కూడా లెక్కలోకి తీసుకుంటాం, దానిలో కూడా కాల్షియం ఇలా ఉండదు.

క్యాన్సర్ కాకుండా ఈ అంకెలు తెచ్చేవి కొన్నున్నాయి. ఇవి దాటకుండా ట్యూమర్ అనకూడదు.

విటమిన్ డి విషం. మన ఇళ్లలో వారానికొకటి వేసుకోమని రాసే 60,000 యూనిట్ల విటమిన్ డి మాత్రలు సర్వసాధారణం. ల్యాబ్రడార్ సంగతి మీకు చెప్పాలా, అట్టతో సహా నమిలేస్తుంది. పది కిలోల కుక్క ఒక్క మాత్ర మింగినా కాల్షియం పెరిగే ప్రమాదం ఉంది, మీ ముప్ఫై కిలోల దానికి ఒక అట్ట చాలు. సోరియాసిస్‌కి రాసే కాల్సిపోట్రియాల్ పూతమందు నాకినా అంతే. కొన్ని ఎలుకల మందుల్లో ఉండేది కూడా విటమిన్ డి యే. ఇందులో సాధారణంగా కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కూడా పెరుగుతుంది, మీ కుక్కకి పెరగలేదు. అయినా ఇంట్లో ఎవరైనా ఈ మందులు వాడుతుంటే లెక్కపెట్టి చూసుకోండి.

ఆడిసన్ జబ్బు. కిడ్నీల దగ్గరుండే అడ్రినల్ గ్రంథులు ఎండిపోయే ఈ జబ్బులో క్రియాటినిన్ పెరుగుతుంది, మూత్రం పలచగా ఉంటుంది, కొందరిలో కాల్షియం కూడా పెరుగుతుంది. చూడటానికి అచ్చం కిడ్నీ ఫెయిల్యూరే. సోడియం తగ్గి పొటాషియం పెరిగితే అనుమానించాలి. ఆ గ్రంథుల హార్మోన్ అయిన కార్టిసాల్ మామూలు పరీక్షలో 2 మైక్రోగ్రాములు దాటితే దాదాపు పక్కన పెట్టెయ్యొచ్చు. ఇది కూడా ప్రెడ్నిసొలోన్‌తో అద్భుతంగా కోలుకుంటుంది, అదే తమాషా: మాత్రకి కుక్క లేచిందంటే లింఫోమానా ఆడిసనా అన్నది తేలకుండానే పోతుంది.

పారాథైరాయిడ్ గ్రంథిలోనే చిన్న గడ్డ. ఇందులో కాల్షియం ఎక్కువ, ఫాస్ఫరస్ తక్కువ, సరిగ్గా మీ అంకెల్లాగే. కాకపోతే ఈ కుక్కలు సాధారణంగా హుషారుగానే ఉంటాయి, నీళ్లు ఎక్కువ తాగడం తప్ప పెద్ద లక్షణాలుండవు. మెడ అల్ట్రాసౌండ్‌లో కొన్ని మిల్లీమీటర్ల గడ్డ కనిపిస్తుంది. ఇది తేలితే మీరు అదృష్టవంతులు.

ల్యాబుల గురించి కూడా చెప్పాలి. చాలా ఊళ్లలో కుక్క రక్తం మనుషుల ల్యాబుకే పోతుంది, రిపోర్టులో పక్కన అచ్చయ్యేవి మనుషుల హద్దులు. ఫ్లాగ్ పడిందా లేదా అన్నది చూడకండి, అంకె చూడండి. భోజనం చేశాక తీసిన రక్తంలో కొవ్వు తేలితే కాల్షియం తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, అందుకే రాత్రి తిండి ఆపి పొద్దున్నే మళ్లీ ఒకసారి చేయించండి. వీలైతే అయనైజ్డ్ కాల్షియం చేయించండి. నిజంగా పనిచేసే కాల్షియం అదే, కుక్కల్లో సుమారు 1.2 నుంచి 1.4 మిల్లీమోల్స్ ఉంటుంది. బ్లడ్ గ్యాస్ యంత్రం ఉన్న చోట, గాలి తగలకుండా తీసి, వెంటనే చెయ్యాలి. గంటలు గడిచిన శాంపిల్‌తో వచ్చే అంకెకి అర్థం లేదు. ఇన్ని సౌకర్యాలు మీ ఊళ్లో లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల్లో ఏది దగ్గరైతే అక్కడికి తీసుకెళ్లండి. బోధనాసుపత్రుల్లో ఖర్చు తక్కువ, ఎక్స్‌రే, స్కానింగ్, సూది పరీక్ష చూసే పాథాలజీ వాళ్లు ఒకే ఆవరణలో ఉంటారు.

వెతుకుతూ ఉండగా కిడ్నీని కాపాడే పని ఆగకూడదు. సెలైన్ ఎక్కించాలి, మామూలు సాధారణ సెలైనే. మన దగ్గర అలవాటుగా రింగర్ లాక్టేట్ పెడతారు. అందులో కొద్దిగా కాల్షియం ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, సాధారణ సెలైన్‌లో సోడియం ఎక్కువ, సోడియం మూత్రంలో పోతూ కాల్షియాన్ని తనతో తీసుకుపోతుంది. ఒంట్లో నీరు నిండాకే ఫ్యూరోసెమైడ్ అనే మూత్రం పోయించే మందు. నీరు నిండకముందు ఇస్తే కిడ్నీని మరింత ఎండగడతాం. అప్పటికీ దిగకపోతే పామిడ్రోనేట్ లేదా జోలెడ్రోనిక్ యాసిడ్. ఎముకల నుంచి కాల్షియం రావడాన్ని ఇవి ఆపుతాయి, ప్రభావం తెలియడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, నిదానంగా ఎక్కించాలి, వేగంగా ఎక్కిస్తే వీటివల్లే కిడ్నీకి దెబ్బ.

కాల్షియం సిరప్ ఏదైనా పోస్తుంటే ఈరోజే ఆపండి. వయసైన కుక్కకి బలానికని చాలామంది పోస్తూనే ఉంటారు. ఫాస్ఫరస్ తగ్గించడానికి ఇచ్చే కాల్షియం కార్బోనేట్ మాత్రలు కూడా వద్దు. నొప్పికని మెలాక్సికామ్ లాంటివి అసలు వద్దు. కిడ్నీ డైట్ కోసం బలవంతపెట్టకండి, ఫాస్ఫరస్ తక్కువగా ఉన్న కుక్కకి దాని అవసరం ఇప్పుడు లేదు, ఏది తింటే అది పెట్టండి.

కాల్షియం ఒక్కటే దారి కాదు, ట్యూమర్ కిడ్నీని ఇంకా కొన్ని విధాలుగా దెబ్బతీస్తుంది. క్లుప్తంగా చెప్తాను, ఇవి మీ కుక్కకి సరిపోవు గానీ చదివే వేరేవాళ్లకి పనికొస్తాయి. మూత్రాశయం మెడ దగ్గర వచ్చే క్యాన్సర్ మూత్రనాళాల నోళ్లని మూసేసి కిడ్నీని వెనక నుంచి ఉబ్బిస్తుంది. స్కాటిష్ టెరియర్లలో ఇది మరీ ఎక్కువ. మూత్రంలో రక్తం పడి, యాంటీబయాటిక్‌కి తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చే ముసలి కుక్కకి స్కానింగ్ చేయించాలి. ఈ అనుమానం ఉన్నప్పుడు పొట్టలోంచి సూది గుచ్చి మూత్రం తీయకూడదు, సూది దారిలో క్యాన్సర్ పాకే ప్రమాదం ఉంది. మన వీధికుక్కల్లో మాత్రం మూత్రంలో రక్తం అని తీసుకొచ్చే వాటిలో చాలావరకు జననాంగం మీద వచ్చే, జత కట్టినప్పుడు అంటుకునే టీవీటీ అనే గడ్డ నుంచి కారేదే. అది వేరే కథ, విన్‌క్రిస్టీన్ అనే కీమో మందుకి చక్కగా కరుగుతుంది, కిడ్నీకి సంబంధం లేదు. ఇక లింఫోమా నేరుగా కిడ్నీల్లోకే వస్తే రెండూ ఉబ్బుతాయి. కిడ్నీలో పుట్టే క్యాన్సర్ కుక్కల ట్యూమర్లలో రెండు శాతం కూడా ఉండదు.

జర్మన్ షెపర్డ్ ఉన్నవాళ్లకి మాత్రం ప్రత్యేకంగా ఒకటి. కాళ్ల మీద, తల మీద చర్మం కింద గట్టి బుడిపెలు ఐదారేళ్ల వయసులో ఒక్కొక్కటే లేస్తుంటే, బయాప్సీలో ఇది క్యాన్సర్ కాదు, పీచు కణజాలమే అని వస్తే, అంతటితో ఊరుకోకండి. కిడ్నీలు స్కాన్ చేయించండి. ఈ జాతిలో వంశపారంపర్యంగా వచ్చే ఒక జబ్బులో చర్మం మీద అమాయకమైన బుడిపెలు, రెండు కిడ్నీల్లో నీటితిత్తులు, వాటిలోంచి క్యాన్సర్ కలిసి వస్తాయి. ఆడకుక్కలకి గర్భసంచిలో గడ్డలు కూడా. నార్వే పశువైద్యులు 1985లో దీన్ని వివరంగా ప్రచురించారు. 2003లో ఫాలిక్యులిన్ అనే జన్యువులో ఒక్క అక్షరం మారడమే కారణమని తేల్చారు. మనుషుల్లో బర్ట్-హాగ్-డ్యూబే అనే జబ్బుకి కూడా ఇదే జన్యువు, అక్కడ కూడా చర్మం మీద బుడిపెలు, కిడ్నీలో ట్యూమర్లు. ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చినా చాలు, ఈతలో సగం పిల్లలకి పోయే అవకాశం ఉంది. కాబట్టి అలాంటి కుక్కతో పిల్లలు వేయించకూడదు. జన్యు పరీక్ష ఉంది, పిల్లల్ని అమ్మేవాళ్లు దాని ఊసు ఎత్తరు.

మీ కుక్క భవిష్యత్తు గురించి మీరు అడగలేదు, కానీ మనసులో ఉండేది అదేనని తెలుసు. మలద్వారం పక్క సంచి దగ్గర గడ్డ దొరికి, పాకడం తక్కువగా ఉండి, ఆపరేషన్‌తో తీసేస్తే కాల్షియం రోజుల్లో దిగుతుంది, కిడ్నీ కూడా చాలావరకు తేరుకుంటుంది, చాలా కుక్కలు ఏడాది దాటి హాయిగా బతుకుతాయి. ఆ తర్వాత కాల్షియం కూడా చూసుకుంటూ ఉండాలి, గడ్డ తిరిగొస్తే చాలాసార్లు ముందు చెప్పేది అదే. టీ-సెల్ లింఫోమా అయితే కీమోథెరపీతో సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు, ఏ వైద్యం లేకుండా ఒక నెల, నెలన్నర. మొదటి డోసులకి గడ్డ ఒక్కసారిగా కరిగినప్పుడు పొటాషియం, ఫాస్ఫరస్ పెరిగి కిడ్నీకి ఇంకో దెబ్బ తగలొచ్చు కాబట్టి మొదటి రెండు మూడు రోజులు ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంచమని అడగండి. కీమో వద్దనుకున్నా తప్పేం లేదు. రోగం పేరు తేలాక ప్రెడ్నిసొలోన్ ఒక్కటే ఇచ్చి, ఉన్న నెలో రెండు నెలలో బాగా తినిపించి చూసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను కూడా కొందరికి అదే చెప్పాను. అప్పుడు అదే మాత్ర సరైన మందు.

రేపు పొద్దున్న చెయ్యాల్సింది: పరగడుపున కాల్షియం మళ్లీ, సోడియం, పొటాషియం, కార్టిసాల్, గ్లోబ్యులిన్, వేలి పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. వీటిలో ఏదో ఒక దాంట్లో దొరికే అవకాశం ఎక్కువ, అన్నీ ఒకే రోజు చెయ్యలేకపోతే వేలి పరీక్ష, ఎక్స్‌రే ముందు పెట్టండి. అప్పటిదాకా రాత్రిళ్లు ఇల్లు తడుపుతోందని నీళ్ల గిన్నె మాత్రం తీసెయ్యకండి. తాగేది ఆపినా మూత్రం పోవడం ఆగదు, పొద్దునకల్లా క్రియాటినిన్ ఇంకో మెట్టు ఎక్కుతుంది.